ఓడిన జట్టు పక్షమున

పోయిన మాసమున ఊరగాయకు మిరపకాయల నేరుకొను విధమును గూర్చి వ్రాసితిని. ఈ మాసమున కాలిబంతి యాటను గూర్చి వ్రాయబోవుచున్నాననగా మీలో కొందరు నవ్వుదురు. బడిపంతులుగారి యిల్లాలికి, ఇద్దరు బిడ్డల తల్లికి ఫుట్‌బాలుతో నేమి పని యని యడుగుదురు. నవ్వినను సరే, చివరివరకు చదువుడు. ఆ యాట మూలమున మా యింట బయటపడిన నా తప్పు నొకదానిని మీతో చెప్పుకొనవలసియున్నది.

మా బోనకల్‌లో బాలురు కబడ్డీ యాడుదురు, వాలీబాలాడుదురు, సందు దొరికిన చోటనెల్ల క్రికెట్టాడుదురు. కాలిబంతి యాడువా రరుదు. మా పెద్దవానికి మాత్రము చిన్ననాటినుండి దానిమీదనే మనసు. 2022 మార్చి 20వ తేదీ, ఆదివారము రాత్రి, వాడు పట్టుబట్టి నన్ను టెలివిజను ముందర కూర్చుండబెట్టెను. గోవాలో ఇండియన్ సూపర్ లీగు తుదిపోటీ జరుగుచున్నది. ఒకవైపు కేరళ జట్టు, రెండవవైపు మన హైదరాబాదు జట్టు. కేరళవారు ముందుగా గోలు చేసిరి. ఆట ముగియుటకు రెండు నిమిషములున్నదనగా సాహిల్ తవోరా యను యువకుడు దూరమునుండి కొట్టిన బంతి వలలో పడెను. అదనపు సమయమునను గెలుపోటములు తేలలేదు. పెనాల్టీలలో మన గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతుల నాపగా హైదరాబాదు విజేత యయ్యెను. మా వాడు గంతులు వేసెను. వానికంటె నేనే గట్టిగా కేకవేసితినని మావారు నేటికిని ఎగతాళి చేయుదురు. ఆ రాత్రి మొదలు నేనును ఆ జట్టుదాననే.

గెలిచిన జట్టు నభిమానించుట సులభము. మరుసటి యేడును మనవారు పట్టికలో రెండవ స్థానమున నిలిచిరి. నా పరీక్ష 2023-24లో వచ్చినది. జట్టునకు ధనపు చిక్కులు పట్టుకొనెను. జీతము లందుటలేదని పత్రికలు వ్రాసినవి. క్రొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధము పడెను. విదేశములనుండి వచ్చిన ఆటగాండ్రు వెడలిపోయిరి. మిగిలినవారిలో పెక్కురు మీసములైన సరిగా రాని పిల్లలు.

ఆ లెక్క యెట్టిదో చెప్పెదను, వినుడు. ఆ యేడు లీగులో 12 జట్లు. ఒక్కొక్క జట్టు 22 ఆటలాడవలెను. గెలిచినచో 3 పాయింట్లు, సరిసమానముగా ముగిసినచో 1, ఓడినచో సున్న. మనవారు గెలిచినది 1, సమానముగా ముగించినవి 5, ఓడినవి 16. మొత్తము 8 పాయింట్లు. పట్టికలో అందరికంటె క్రింద. ఇరువదిరెండు నోములు నోచిన దానికి ఒక్క వాయనము దక్కినట్లయినది.

ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నైలో దక్కినది. మా వైపు అవి మిరపకోతల దినములు. కల్లము నుండి వచ్చిన ఘాటుతో ఊరంతయు తుమ్ముచున్నది. ఆ రాత్రి ఒకే ఒక్క గోలుతో మనవారు గట్టెక్కినప్పుడు నాకు కన్నుల నీళ్లు వచ్చినవి. మిరపఘాటని చెప్పి తప్పించుకొంటిని.

మిగిలిన రాత్రులను గూర్చి యేమి చెప్పుదును? పొయ్యిమీద పాలుపెట్టి వచ్చి చూచునప్పటికి గోలు పడియుండెడిది. గిన్నెలు కడిగి వచ్చునప్పటికి రెండవది. "ఇక నీ యాట నేను చూడను" అని ప్రతి వారమును మా వానితో ననుచుంటిని. మరల నాట దినము వచ్చినచో పని త్వరగా ముగించుకొని కూర్చుండెడిదానను. ఎందులకని నన్ను నేనే యడుగుకొంటిని. జీతము నమ్మకము లేక, గెలుతుమను ఆశ లేక, ఆ పిల్లలు తొంబది నిమిషములును పరుగెత్తుచునే యుండిరి. వారిని నడిమధ్య విడిచి లేచిపోవుటకు నా మనసొప్పలేదు.

మా వాడు నన్నూరడించుటకై ఆటల సినిమాలు తెచ్చి చూపెడివాడు. 2003లో వచ్చిన "ఒక్కడు" చూచితిమి, అందులో కబడ్డీ. 2004 నాటి "సై" చూచితిమి, అందులో రగ్బీ. తమిళమునుండి 2019లో తెలుగునకు వచ్చిన "విజిల్" చూచితిమి, అందులో స్త్రీలే కాలిబంతి యాడుదురు. బాగుగనే యున్నవి. నేనును చప్పట్లు చరచితిని. కాని నాలుగైదు చూచినపిమ్మట నాకొక సంగతి తోచినది. ఈ కథలలో ఓటమి విశ్రాంతికి ముందే వచ్చిపోవును. ఆ పైని గురువో పెద్దయో నిలువబడి రోషము పుట్టునట్లు నాలుగు కఠినమైన మాటలాడును. వెనుక వాద్యములు మ్రోగును. వెంటనే యొక పాట. ఆ పాట ముగియునప్పటికి అభ్యాసమంతయు ముగియును. ఆ తరువాత గెలుపే.

నిజమైన యేడాదిలో విశ్రాంతి లేదు, పాటయు లేదు. ఏడవ ఆట ఓడినవారు ఎనిమిదవ ఆటకు మరల బూట్లు తొడుగుకొనవలెను. ఎనిమిదవదియు నోడి తొమ్మిదవదానికి రైలో విమానమో యెక్కవలెను. దానిని చూపినచో టిక్కెట్టు కొని యెవరు వత్తురు?

ఇక నా తప్పును చెప్పెదను.

2024 ఏప్రిలులో హైదరాబాదువారి యా యేటి ఆటలు ముగిసినవి. ఆ నెల 30వ తేదీన పదవ తరగతి ఫలితములు వచ్చినవి. మా వాడు లెక్కలలో తప్పెను. మావారు బడిలో చెప్పునది లెక్కలే! ఊరివారి పిల్లలనెల్ల గట్టెక్కించు పంతులుగారి కొడుకు లెక్కలలో తప్పెనన్న మాట సాయంకాలమునకే వీధులన్నియు తిరిగి మా గుమ్మమునకు వచ్చినది. నాకు తల కొట్టివేసినట్లయినది. "పంతులుగారి కొడుకువై ఈ మొగమెట్లు చూపుచున్నావు? మీ నాన్నగారు రేపు బడిలో తలయెత్తుకొని యెట్లు నిలిచెదరు? నీకు వడ్డించుటకు నాకు చేతులు రావు" అంటిని. అన్నట్లే ఆ రాత్రి వడ్డింపలేదు. వాని చెల్లెలు కంచము పెట్టినది. మూడు దినములు నేను వానితో మాటలాడలేదు.

ఇది క్షణికమైన కోపమని మీరనుకొనవచ్చును. అంతమాత్రమే యైనచో ఇంత బాధ లేకపోవును. నేను చేయుచున్నది ధర్మమేయని నమ్మితిని. చిన్ననాట మా తండ్రిగారియొద్ద భారతము చదువుకొన్నదానను. ఉద్యోగపర్వమున కుంతీదేవి కృష్ణునితో చెప్పి పంపిన విదుల కథ నాకు కంఠస్థము. సింధురాజు చేత నోడి, యింటికి వచ్చి పడుకొనియున్న కొడుకును విదుల నిష్ఠురములాడి లేపును. వాడు లేచి పోయి గెలుచును. వీరమాత యన్న నట్లుండవలెనని నా తలంపు.

మూడవనాటి రాత్రి మా వాడు వంటింటి గడపయొద్దకు వచ్చి నిలిచెను. తల వంచుకొనియే యనెను: "అమ్మా, హైదరాబాదు పదహారు ఆటలు ఓడింది. నువ్వు ఒక్కనాడైనా టీవీ కట్టేశావా? నేను ఒక్క పరీక్ష తప్పాను."

సోదరీమణులారా, నాకు జవాబు దొరకలేదు. ఊరు పేరు తెలియని పదునొకండుగురి ఓటములను నేను ఏడు నెలలు సహించితిని. నా కడుపున పుట్టినవాని యొక్క ఓటమికి అన్నము పెట్టకపోతిని. ఆ జట్టు ఓడినచో ఇరుగుపొరుగువారు నన్నేమియు ననరు. వీడు తప్పినచో అందురు. నాకు కోపము వచ్చినది వాని చదువును గూర్చి కాదు, నా పరువును గూర్చి. ఆ మాట నొప్పుకొనుటకు నాకా రాత్రియంతయు పట్టినది.

తెల్లవారి భారతము తీసి విదుల కథను మరల చదివితిని. ఇన్నేండ్లు నేను మరచిన భాగము అప్పుడు కంటబడినది. వ్యాసభారతమున విదుల నిష్ఠురములతో నిలువలేదు. నీవెరుగని ధనరాశి నాయొద్ద దాచియున్నది, నీకు తోడుపడువారును కలరు అని కొడుకునకు చెప్పును. ఓడినవానికి మరల నిలుచుటకు కావలసిన సామగ్రిని ఆ తల్లి సిద్ధముగా నుంచుకొనియే మాటలాడినది. నేను తిట్లను మాత్రము నేర్చుకొని ధనాగారమును మరచితిని. ఆటల సినిమాలవారును నావలెనే చదివిరి కాబోలు!

మా యింట దాచిన ధనము మావారి యొద్ద నుండెను. వారు కొడుకును దగ్గర కూర్చుండబెట్టుకొని సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ చెప్పిరి. రహీం గారు హైదరాబాదువారు, 1909లో జన్మించిరి. మావారివలెనే బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. భారతజట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము నందినది. ఆయన బాలురకు ఒక వింత పందెము పెట్టెడివారట. ఎవనికి కుడికాలు వాటమో వాడు ఎడమకాలితోనే యాడవలెను, ఎడమ వాటమువాడు కుడికాలితో. చాతకాని కాలిని తిట్టినందువలన బలము రాదు, దానికే పని చెప్పినచో వచ్చునని వారి యూహ.

"లెక్కలు నీ ఎడమకాలు. నెల దినములు దానితోనే ఆడుదము" అని మావారనిరి. మే నెల యెండలలో తెల్లవారుజామున అయిదు గంటలకు తండ్రీకొడుకులు అరుగుమీద కూర్చుండిరి. తొలి రైలు కూత వినబడునప్పటికి ఒక అధ్యాయములోని లెక్కలు సగము చేసియుండెడివారు. నా వంతుగా నేను రెండు గ్లాసుల టీ యిచ్చి, మాటలాడక, దగ్గర కూర్చుండి పప్పు నేరుకొనుచుంటిని. జూనులో వాడు మరల పరీక్ష వ్రాసి నెగ్గెను. గొప్ప మార్కులు రాలేదు, చాలినన్ని వచ్చినవి.

పరీక్షలైన పిమ్మట "మైదాన్" అను హిందీ చిత్రమును ఇంటనే చూచితిమి. అది రహీం గారి కథయే. అజయ్ దేవగణ్ ఆయన వేషమును, మన ప్రియమణి ఆయన భార్య వేషమును ధరించిరి. హైదరాబాదు జట్టు ఆఖరి ఆటలాడిన ఆ ఏప్రిలులోనే అది విడుదలయ్యెను. దానికిని జనము పెద్దగా రాలేదు! 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టు తన మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేత 2-0 తో నోడినది. తుదిపోటీలో ఆ కొరియానే 2-1 తో గెలిచి స్వర్ణపతకము తెచ్చినది. అప్పటికే వ్యాధిగ్రస్తులైన రహీం గారు 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూసిరి. ఆ గెలుపును చూచి కన్నీరు పెట్టుకొంటిని గాని, నా మనసు ఆ మొదటి ఆట చుట్టునే తిరిగినది. ఆ రాత్రి ఆయన తన పిల్లలతో నేమి మాటలాడెనో యని తలపోయుచుంటిని.

నా జట్టు కథకు మాత్రము అట్టి ముగింపు కలుగలేదు. క్రొత్త యజమానులు వచ్చిరి. 2024-25లో 13 జట్లలో 12వ స్థానము దక్కెను. 2025లో యజమానులా జట్టును ఢిల్లీకి తరలించి క్రొత్త పేరు పెట్టిరి. ఒకప్పుడు దేశమునకు ఆటగాండ్రను, గురువును ఇచ్చిన నగరమునకు ఆ జట్టు దక్కకపోయెను. ఇది నాకు నేటికిని మ్రింగుడుపడలేదు. ఓడిన జట్టునైన ఉన్నందులకు తిట్టుకొనవచ్చును గదా!

మా వాడిప్పుడు ఖమ్మములో చదువుకొనుచున్నాడు. వాని పసుపుపచ్చ చొక్కాను, జట్టు పేరు చెరిగిపోవుచున్న దానిని, చెల్లెలు తీసికొనినది. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో ఆడినదని విన్నది మొదలు అది బంతి కొనిపెట్టుమని నా ప్రాణము తీయుచున్నది. మొన్న కొనిపెట్టితిని. పెరటిగోడకు కొట్టుచున్నది, పదింట రెండు తిన్నగా పోవుచున్నవి. బీరపాదు విరిగినది. వంటింటి కిటికీలోనుండి నేను లెక్కపెట్టుచున్నాను.