బట్టీ పొగలో నోబెల్ రసాయనం

2025 అక్టోబరులో రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించిన మర్నాటికల్లా మీ ఫోన్లలో, మీ స్టడీ గ్రూపుల్లో ఒక బిట్ తిరిగే ఉంటుంది. 2025 కెమిస్ట్రీ నోబెల్ ఎవరికి? సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీ. దేనికి? మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్స్. రెండు లైన్లు, ఒక మార్కు. మీరూ నోట్సులో రాసుకునే ఉంటారు, దానికి పైనో కిందో చంద్రయాన్-3 దిగిన తేదీ కూడా ఉండి ఉంటుంది. తప్పనడం లేదు. కటాఫ్ దగ్గర ఆ ఒక్క మార్కే ఉద్యోగం ఇస్తుంది, ఆ ఒక్క మార్కే పోగొడుతుంది.

కానీ ఆ బిట్ రాసుకున్నవాళ్లు పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు వాళ్లయితే వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ నోబెల్ పదార్థాల్లో ఒకటి ఫ్యాక్టరీ మెట్లెక్కింది ఏ గ్యాసును పట్టడానికో, ఆ గ్యాసు మీ ఊరి చివర సున్నం బట్టీ లోంచి రోజూ పైకి లేస్తూనే ఉంది. అంత దగ్గరి వార్తను మనం చాలా దూరపు వార్తలా చదువుతున్నాం.

ముందు రాయి సంగతి. పల్నాడు కింద పరుచుకున్నది ఎక్కువగా సున్నపురాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. కడప జిల్లాలోని ఊరి పేరు అది. చేపలు కూడా పుట్టని కాలంలో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదే ఇప్పుడు మీ ఇంటి ముందు నాపరాయి, మీ అమ్మ వేసే ముగ్గు, పక్కింటి స్లాబులోని సిమెంటు. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేస్తే, 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. రాయి ఉన్నచోటికే ఫ్యాక్టరీ వస్తుంది. రాయి బరువైన సరుకు, దూరం మోస్తే గిట్టదు.

ఇప్పుడు బట్టీలో ఏం జరుగుతుందో చూడండి. పదో తరగతిలో చదివిన సమీకరణమే. కాల్షియం కార్బొనేట్‌ను సుమారు 900 డిగ్రీల దాకా వేడి చేస్తే కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం మిగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. లెక్క వేయండి: కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48. మొత్తం 100. మిగిలే సున్నం 56. ఎగిరిపోయేది 44. అంటే టన్ను శుద్ధమైన సున్నపురాయి కాలిస్తే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే వస్తుంది. బొగ్గు కాల్చగా వచ్చేది దీనికి అదనం.

మొత్తం వార్తకు తాళంచెవి ఈ 44 అంకెలోనే ఉంది. కరెంటు విషయంలో బొగ్గు మానేసి సోలార్‌కు మారొచ్చు. బస్సుకు బ్యాటరీ పెట్టొచ్చు. సున్నపురాయి విషయంలో ఆ దారి లేదు. బొగ్గు బదులు సౌరశక్తితో వేడి చేసినా, ఆ 44 పాళ్లు బయటికి రావాల్సిందే. అందుకే ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం ఒక్క సిమెంటు నుంచే వస్తోంది. అందులోనూ సగానికి పైగా రాయిలో దాగి ఉన్నదే. సిమెంటు ఉత్పత్తిలో చైనా తర్వాత స్థానం మనదే కాబట్టి ఈ లెక్క మన దేశానికి ఇంకా బరువు.

రాయిలోంచి రాక తప్పనప్పుడు, వచ్చాక పట్టుకోవాలి. నోబెల్ పదార్థం పని ఇక్కడే. పందిరి వేసేటప్పుడు గుంజలు, వాటిని కలిపే ముడులు ఉంటాయి కదా. లోహపు అయాన్లు ముడులు, కర్బన అణువులు గుంజలు. అలా కట్టిన పందిరి లోపల అంతా ఖాళీ గదులే. కొద్ది గ్రాముల పొడిలో ఫుట్‌బాల్ మైదానమంత లోపలి ఉపరితలం ఉంటుంది. గది సైజు, గోడల గుణం సరిగ్గా ఎంచుకుంటే కావాల్సిన గ్యాసు మాత్రమే లోపల చిక్కుతుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో పుట్టిన జింకు ఆధారిత పదార్థం కాల్ఫ్-20 అలాంటిదే. అక్కడి ఒక సిమెంటు ఫ్యాక్టరీ పొగ మీదే దాన్ని పరీక్షించారు. పొగలో తేమ ఉన్నా అది పనిచేయడం పెద్ద విశేషం. నీటి ఆవిరి తగిలితే చతికిలపడే పదార్థాలే ఎక్కువ మరి.

నార్వేలోని బ్రెవిక్‌లో దారి వేరు. ద్రవ రసాయనంతో పొగను కడిగి ఏడాదికి 4 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే యూనిట్‌ను 2025 జూన్‌లో ప్రారంభించారు. సిమెంటు ఫ్యాక్టరీకి ఇంత పెద్ద ఎత్తున ఇలాంటిది పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. మన దగ్గర కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2025 మేలో సిమెంటు రంగానికి 5 ప్రయోగ కేంద్రాలు ప్రకటించింది. ఐఐటీల్లాంటి సంస్థలు, కంపెనీలు కలిసి నడిపేవి.

అసలు రాయిని తక్కువ కాలిస్తే? అదీ ఒక దారి, నాకైతే మన దేశానికి బాగా నప్పే దారి ఇదే అనిపిస్తుంది. ఎల్‌సీ3 అనే సిమెంటులో క్లింకర్‌ను దాదాపు సగానికి తగ్గించి, కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలుపుతారు. మట్టికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు, క్లింకర్‌కు 1450 కావాలి. కార్బన్ 30-40 శాతం దాకా తగ్గుతుంది. స్విట్జర్లాండ్, క్యూబా పరిశోధకులతో పాటు మన ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐఐటీలు దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశాయి. 2023లో భారత ప్రమాణాల సంస్థ దీనికి ఐఎస్ 18189 అనే ప్రమాణం ఇచ్చింది. నోబెల్ రాలేదు కాబట్టి ఇది బిట్ కాలేదు. ఉద్యోగాలు ఇచ్చే అవకాశం మాత్రం దీనికే ఎక్కువ.

సున్నం గురించి ఇంకో వార్త, ఇది కాస్త సరదా. రోమన్లు కట్టిన గోడలు 2 వేల ఏళ్లయినా ఎందుకు నిలిచాయి? వాటిలో చిన్న చిన్న తెల్లటి సున్నం ఉండలు కనిపిస్తే, సరిగా కలపని మేస్త్రీల పనితనం అనుకున్నారు చాలాకాలం. ఎంఐటీలో ఆద్మిర్ మాసిక్ బృందం 2023 జనవరిలో వేరే మాట చెప్పింది. రోమన్లు నానబెట్టిన సున్నం బదులు పొడి సున్నాన్నే అగ్నిపర్వతపు బూడిదతో కలిపి, ఆ తర్వాత నీళ్లు పోసేవారు. నీళ్లు పడగానే పొడి సున్నం ఎలా సలసల మరుగుతుందో బట్టీ దగ్గర పెరిగిన పిల్లలకు చెప్పక్కర్లేదు. ఆ వేడిలో మిగిలిన ఉండలే తర్వాత మందు. గోడ బీటలు వారి నీరు దిగితే ఉండ కరిగి, మళ్లీ రాయిగా గట్టిపడి బీటను పూడుస్తుంది. అదే పద్ధతిలో వాళ్లు చేసిన కాంక్రీటు బీటలు రెండు వారాల్లో పూడాయి. 2025 డిసెంబరులో అదే బృందం పాంపేయి నుంచి సాక్ష్యం తెచ్చింది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలినప్పుడు సగంలో ఆగిపోయిన ఇంటి పని అది. అక్కడ పొడి సున్నం కలిపిన పొడి మిశ్రమం కుప్ప కుప్పగానే దొరికింది.

పొడి సున్నం అంటే పిడుగురాళ్లలో లారీలకు ఎక్కేదే. ఆ మాట ఏ కరెంట్ అఫైర్స్ పుస్తకంలోనూ మీకు దొరకదు.

ఇక్కడో చేదు సంగతి. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. నాగార్జునకొండ శిల్పాలూ అంతే. 18వ శతాబ్దం చివర కర్నల్ మెకంజీ అమరావతి చూసే నాటికి స్తూపాన్ని తవ్వేస్తున్నారు. మిగిలినవాటిలో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. చాలా పలకలను సున్నం కోసం కాల్చేశారు. బట్టీకి శిల్పమైనా రాయే, దాంట్లోనూ పాళ్లు 56, 44.

మళ్లీ ఉద్యోగాల దగ్గరికి వద్దాం. 2025 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ 4 రంగాల్లోని 282 యూనిట్లకు ఉద్గారాల తీవ్రత లక్ష్యాలు నోటిఫై చేసింది. అందులో 186 సిమెంటువే. టన్ను సరుకుకు ఎంత కార్బన్ వదులుతున్నారో కొలవాలి, 2023-24తో పోల్చి తగ్గించాలి. లక్ష్యం కంటే తగ్గిస్తే క్రెడిట్లు అమ్ముకోవచ్చు, తగ్గించలేకపోతే కొనుక్కోవాలి. అంటే 44 అంకె ఇప్పుడు కంపెనీ లెక్కల పుస్తకంలోకి వచ్చింది. ఆ అంకెను కొలిచేవాళ్లు, రాసేవాళ్లు, సరిచూసేవాళ్లు కావాలి. సిమెంటు ల్యాబుల్లో పనిచేసేది ప్రధానంగా కెమిస్ట్రీ చదివినవాళ్లే. హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న నేషనల్ కౌన్సిల్ ఫర్ సిమెంట్ అండ్ బిల్డింగ్ మెటీరియల్స్ సిమెంటు టెక్నాలజీలో పీజీ డిప్లొమా నడుపుతుంది. దానికి హైదరాబాద్‌లో యూనిట్ కూడా ఉంది. ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పేరు మీద జరుగుతాయి. బీఎస్సీ అయ్యాక అందరితో పాటు అమీర్‌పేట బస్సెక్కే ముందు ఈ రెండు వెబ్‌సైట్లు చూడటానికి ఒక సాయంత్రం పెట్టండి. సాఫ్ట్‌వేర్ వద్దనడం లేదు. పక్కనే ఉన్న ఫ్యాక్టరీ ల్యాబులో ఏం పని జరుగుతుందో తెలియకుండా వదిలేయొద్దు, అంతే.

సర్కారు కొలువే లక్ష్యమైతే ఇది ఇంకోలా పనికొస్తుంది. గ్రూప్-1 మెయిన్స్‌లో సైన్స్, టెక్నాలజీ, పర్యావరణాంశాలకు విడిగా ఒక పేపరే ఉంది. అక్కడ ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లు ఒక్క వాక్యానికి సరిపోతాయి. మిగతా పేజీ నింపాలంటే ఆ పదార్థం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలి. ఇంటర్వ్యూలో ‘మీ జిల్లా గురించి చెప్పండి’ అంటే మనవాళ్లు పల్నాటి యుద్ధం, కోటప్పకొండ ప్రభలు, నాగార్జునసాగర్ చెబుతారు. బోర్డు అవి చాలాసార్లు వినే ఉంటుంది. టన్ను రాయికి 440 కిలోలు అని మొదలుపెట్టి ఎల్‌సీ3 దాకా వచ్చే అభ్యర్థిని ఎంతమందిని విని ఉంటుంది?

అయితే ఆ బోర్డు తిరిగి ఒక ప్రశ్న వేయొచ్చు, దానికీ సిద్ధంగా ఉండాలి. 2025 అక్టోబరులో లక్ష్యాలు పెట్టిన 4 రంగాల్లో సున్నం బట్టీలు లేవు. అప్పుడు ఆ లక్ష్యాలు వాటి జోలికి రాలేదు. రేపు వస్తే? కోట్లు పెట్టి పొగను కడిగే యంత్రం పెద్ద సిమెంటు కంపెనీ తెచ్చుకోగలదు. రాయి ఒక వరుస, బొగ్గు ఒక వరుస పేర్చి కాల్చే చిన్న బట్టీ యజమాని ఏం చేయాలి? ఆ వేడిలో నిలబడి కూలి చేసేవాళ్లు ఎక్కడికి పోవాలి? బట్టీ మూయించడం తేలిక. రొయ్యల చెరువుకు, చక్కెర మిల్లుకు, ఉక్కు ఫ్యాక్టరీకి సున్నం అప్పుడూ కావాలి. ఇంకెక్కడో కాలుస్తారు, 44 పాళ్లు అక్కడ లేస్తాయి.

దీనికి తయారు జవాబు ఏ గైడులోనూ లేదు. కొంత జవాబు సున్నంలోనే ఉంది. గోడకు వేసిన వెల్ల గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. సున్నపు తేటలోకి ఊదితే పాలలా మారడం మీరు స్కూల్లో చూసిందే, ఇదీ అదే చర్య. ఎంత పీలుస్తుంది, ఎన్నేళ్లలో పీలుస్తుంది అన్నది కొలవదగ్గ విషయం. కెమిస్ట్రీ, సివిల్ వాళ్లు చివరి ఏడాది ప్రాజెక్టు కోసం రెడీమేడ్ రిపోర్టు కొనే ముందు ఒక బట్టీ దగ్గరికి వెళ్లండి. రోజుకు ఎంత రాయి పడుతోంది, ఎంత బొగ్గు పడుతోంది, ఎంత సున్నం దిగుతోంది అని మేస్త్రీని అడిగి రాసుకోండి. 100కు 56 రావాలి. ఎంత వస్తోందో చూడండి, తేడా ఎందుకొచ్చిందో రాయండి.