టాపిక్ దొరకలేదంటే ఎలా?

ఎం.ఏ. తెలుగు గట్టెక్కింది. పీహెచ్.డి. సీటూ వచ్చింది. తీరా 'టాపిక్ ఏమిటి?' అన్న ప్రశ్న దగ్గర బండి ఆగిపోతుంది. మద్రాసులోనో, బెంగుళూరులోనో తెలుగు శాఖలో చేరిన సరిహద్దు పిల్లలు చాలామందికి ఇదే అవస్థ. నెలలు గడుస్తాయి, కాగితం మీద ఒక్క ముక్క పడదు.

లైబ్రరీకి వెళ్లి పాత సిద్ధాంత గ్రంథాలు తిరగేస్తే అట్టలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. 'ఫలానా వారి నవలలు - సమగ్ర పరిశీలన', 'ఫలానా వారి కవిత్వం - సామాజిక చైతన్యం'. గైడును అడిగితే "ఎవరూ పట్టుకోని రచయితను చూసుకోమ్మా" అంటారు. సీనియర్‌ను అడిగితే ఇంకా సులువు. "తక్కువ పుస్తకాలు రాసినాయన్ని పట్టుకో, తొందరగా అయిపోతుంది!"

హోసూరు పక్క పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఉందనుకుందాం. వాళ్ల తాత మడక అంటాడు, గొర్రు అంటాడు, గుంటక అంటాడు. రాగి పైరుకు నారు పోసిన రోజు నుంచి కంకి కోసేదాకా ఒక్కో పనికీ ఒక్కో మాట ఆయన నోట్లో ఉంది. ఆ మాటలు క్లాసులో అంటే నవ్వుతారని ఆ అమ్మాయి భయం. తమిళం కలిసింది, కన్నడం కలిసింది, అది మంచి తెలుగు కాదని ఎవరో ఎప్పుడో మనసులో నాటేశారు. ఇంట్లో నిధి పెట్టుకుని టాపిక్ కోసం ఊరంతా వెతకడం అంటే ఇదే.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. వ్యవసాయం మాటలన్నీ పల్లెల్లో తిరిగి సేకరించినవే. కానీ ఆ సర్వే పరిధి ఆంధ్రప్రదేశ్. గీత ఇవతలి పల్లెలు ఆ లెక్కలో లేవు. డెంకణికోట రైతు మాటలు, షోలాపూరు మగ్గాల దగ్గర పద్మశాలీల మాటలు, బరంపురం సంతలో వినబడే తెలుగు... ఎవరు రాయాలి? హైదరాబాద్ నుంచి వచ్చి రాసేవాళ్లకు ముందు ఆ యాస అర్థం కావాలి కదా.

గిడుగు రామమూర్తి ఎక్కడ వెతుక్కున్నారో చూడండి. పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల దగ్గరే కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆయన పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది. ఇటు దక్షిణాన ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ సంగతీ అంతే. పై చదువులు లేని ఆ రైతు తమిళంలో కరిసల్ సీమ మాటలకు నిఘంటువే కూర్చారు. తెలుగు వలస కుటుంబాల కథను నవలలుగా రాస్తే 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

అలాగని ఇంటి టాపిక్ అంటే సుఖమని కాదు. 'సరిహద్దు తెలుగు - ఒక పరిశీలన' అని పెట్టుకుంటే మునిగినట్టే, అది సముద్రం. ఒక పిర్కా, ఒక వృత్తి, రెండు తరాల మధ్య తేడా... అంతవరకు కుదించుకుంటే పని నడుస్తుంది. పొలానికి వెళ్లాలి, రికార్డు చేయాలి, భాషాశాస్త్రం కాస్త చదవాలి. భాష వద్దనుకునేవాళ్లకు తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు రాతప్రతులున్నాయి, పాత రాత చదవడం నేర్చుకుంటే చాలు. మేలట్టూరులో ఏటా నరసింహ జయంతికి తెలుగు భాగవతమేళ నాటకాలు ఆడతారు. పాడేది తెలుగు, నటుల ఇంటి భాష తమిళం. తెలుగు రానివాడి నోట తెలుగు ఎలా నిలిచిందన్నది ఒక్కటే పెద్ద థీసిస్.

"ఇలాంటి టాపిక్‌తో ఆంధ్రాలో ఉద్యోగం ఎవరిస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన భయమే. అయితే వందమంది రాసిన నవలా పరిశీలనతో వెళ్తే మాత్రం ఎర్రతివాచీ పరుస్తారా? ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లకు తెలియనిది చెప్పగలిగినవాళ్ల మాటే కాస్త వింటారు.

ఇంకో సంగతి. తమిళనాడు 2006 చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. ఆ ఏడాది ఒకటో తరగతిలో మొదలై, ఏటా ఒక్కో క్లాసు పైకి జరిగి 2015-16కి పదో తరగతి చేరింది. మినహాయింపుల కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. మాట్లాడడం వచ్చినా రాయడం, చదవడం రాని పిల్లలు ఇళ్లలో పెరుగుతున్నారు. ఆ యాసా వచ్చి, ఈ అక్షరాలూ వచ్చినవాళ్లు ఇక ముందు దొరకడం కష్టం.

పీహెచ్.డి.కి యూజీసీ గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, పొడిగింపు వేరే. ఆ ఆరేళ్లూ నవలలు బీరువాలోనే ఉంటాయి. ఎనభై ఏళ్ల తాత గురించి అలా చెప్పలేం. కోర్సువర్కు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడే ఫోన్లో రికార్డింగ్ మొదలుపెట్టొచ్చు, గైడు సంతకం తర్వాత పెట్టించుకోవచ్చు.