నాలుకకు అంత తొందరెందుకు?

క్లారినెట్ నేర్పే చోట మెట్రోనోమ్ పెత్తనం ఎక్కువ. నిమిషానికి ఎన్ని బీట్ల దగ్గర నాలుక ఆడుతోందన్నదే విద్యార్థి స్థాయికి కొలత అయిపోతుంది. దీనికి కారణం లేకపోలేదు. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకానికి మెండెల్సన్ 1842లో రాసిన సంగీతంలోని స్కెర్ట్సో, బీథోవెన్ నాలుగో సింఫనీ చివరి భాగం పాశ్చాత్య ఆర్కెస్ట్రాల ఆడిషన్లలో తరచూ ఎదురవుతాయి. రెండింటిలోనూ స్వరాలు విడివిడిగా, పరుగున పలకాలి. ఫ్లూట్ వాయించేవారి నోట్లో అడ్డేమీ ఉండదు కనుక నాలుక కొసతో ఒకటి, వెనక భాగంతో ఒకటి పలికించి గట్టెక్కుతారు. క్లారినెట్ మౌత్‌పీస్ నోట్లోనే ఉంటుంది కాబట్టి ఆ కిటుకు కొద్దిమందికే పట్టుబడుతుంది. మిగతావారికి నాలుక కొసే దిక్కు.

దాంతో మౌత్‌పీస్‌కు బిగించే పలచని బద్దను, అంటే రీడ్‌ను, నాలుకతో ఎంత గట్టిగా కొడితే అంత బాగా పలుకుతుందన్న భ్రమ మొదలవుతుంది. నిజానికి శబ్దం పుట్టించేది గాలి. కుళాయి తిప్పేవాడు నీళ్లు తయారు చేయడు కదా! నాలుక కొస తాకితే రీడ్ కంపనం ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలవుతుంది. దాని పని అంతవరకే.

వాయిస్తున్న పిల్లాడి ముఖం చూస్తే లోపం తెలిసిపోతుంది. ప్రతి స్వరానికీ గడ్డం కదులుతోందంటే, గొంతు ఎగిరిపడుతోందంటే, కొస చేయాల్సిన పనికి నాలుక మొత్తం దిగిందన్నమాట. రీడ్ అంచు కాగితంలా పలచన. దాని మీద నాలుక బల్లపరుపుగా పడితే స్వరం కన్నా ముందు ‘టప్’మన్న మోతే వినిపిస్తుంది.

నాలుక కదలికను నేర్పడానికి ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇచ్చే ‘tu’ అన్న అక్షరాన్ని మన పిల్లలు ‘టు’ అని చదువుకోవడం ఇంకో చిక్కు. మన ‘ట’కు నాలుక వెనక్కి మడతపడి రీడ్‌కు దూరమవుతుంది. ‘తు’, ఇంకా మెత్తగా ‘దు’ అనమంటే కొస ముందుకొస్తుంది. గురువుకు పైసా ఖర్చు లేని దిద్దుబాటు ఇది.

అమెరికాలో ఎందరికో గురువైన డేనియల్ బొనాడ్ (1896–1976) పద్ధతి మరీ నెమ్మది. ఒక స్వరం వాయించి, ఊపిరి ఒత్తిడి సడలకుండా నాలుకను రీడ్‌కు ఆనించి ఉంచాలి. ఆ నిశ్శబ్దంలోనే వేళ్లు తర్వాతి స్వరానికి చేరిపోవాలి. అప్పుడు నాలుక తీయాలి. వేగం కోరే కుర్రాడికి ఇది విసుగే. కానీ వేళ్లూ నాలుకా చెరో దారి పట్టే రోగం కుదిరేది ఇక్కడే.

అందరికీ ఇదే కొలబద్ద అనలేం. ఎ.కె.సి. నటరాజన్ కర్ణాటక బాణీలో వాయించిన క్లారినెట్‌లో గమకానిదే పైచేయి. అక్కడ ప్రతి స్వరాన్నీ నాలుకతో తెంపితే రాగం మిగలదు. పెళ్లి ఊరేగింపులో డ్రమ్ముల హోరును దాటుకుని సినిమా పాట వినిపించాల్సిన బ్యాండు కళాకారుడి అవసరం వేరు. అయినా ఆర్కెస్ట్రా వాద్యకారుడితో కలిపి ఈ ముగ్గురికీ తెగని ఊపిరి కావాలి. అందుకే మొదటి నెలల్లో గురువులు అడగాల్సింది బీట్ల లెక్క కాదు. ఒకే ఊపిరిలో ఒకే స్వరాన్ని నాలుగుసార్లు తాకి విడిచినప్పుడు, నాలుగోదీ మొదటిదంత నిండుగా పలికిందా అని.