పిందెకు వేలు చూపించకండి

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందో లేదో, మా నారాయణఖేడులో నల్లరేగడి నేల నోరు తెరవడం మొదలుపెట్టింది. పెరట్లో నాలుగు పాదులు పెట్టుకున్నవారికి ఇది పరీక్షాకాలం. టమాటాలు ఇక సెలవు తీసుకున్నట్లే. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే వాటి పూత నిలవదు. ఆ నీళ్ళేవో బెండకు పోయడం మేలు. బెండకు ఎండంటే వెరపు లేదు. గింజలు రాత్రంతా నానవేసి పెడితే ఏబది రోజులకల్లా కాయ కోసుకోవచ్చు. (అన్నట్లు, 1956 దాకా మా తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. ఇప్పటికీ మా అంగడిలో ఈ కాయను బెండకాయ అనీ, బెండెకాయి అనీ, భేండీ అనీ మూడు భాషలలో అడుగుతారు. కొన విరిచి చూసే అలవాటు మాత్రం మూడు భాషలకూ ఒకటే!)

అసలు సంగతి సొరపాదుది. మావైపు ఆనిగెపుకాయ అంటారు. పందిరి నిండా తెల్లని పూలు, కాయ ఒక్కటి లేదు. మొన్న పక్కింటి పెద్దమ్మ గోడమీదుగా చూసి, "అది గొడ్డు తీగ సారూ, పీకేయుండ్రి. దానికి పోసే రెండు బిందెలు నాకిస్తే బోళ్ళన్నా తోముకుంట" అన్నది.

నల్లా రాని రోజున ఆ మాటకు జవాబు చెప్పడం కష్టం. బిందెలు ఆమెకే ఇచ్చాము. ఇప్పుడు తీగకు మా ఇంటావిడ బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు పోస్తున్నది. పాదులో మెడదాకా పాతిన మట్టికుండ ఆ నీళ్ళను మెల్లగా వేళ్ళకు అందిస్తుంది. పైన రాలిన వేపాకు పరిస్తే తడి త్వరగా ఆరదు.

అయితే "గొడ్డు" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. సొరతీగకు ముందు పూసేవి మగపూలే. పొడుగాటి కాడ, కింద ఏమీ ఉండదు. ఆడపూవుకు పుట్టుకతోనే అడుగున బుల్లి పిందె ఉంటుంది. ఎండలు పెరిగేకొద్దీ మగపూలదే పెత్తనం. అందుకని తీగ కొసలు గిల్లాలి. పక్కకొమ్మలకు ఆడపూలు ఎక్కువ. ఈ పూలు సాయంత్రం విచ్చుకుని తెల్లవారేసరికి వాడిపోతాయి కనుక పగటి తేనెటీగ వీటికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. రాత్రి చిమ్మటలు రావాలి. అవీ రాకపోతే పిందె పసుపుబారి రాలుతుంది. మనం దిష్టి అంటాం! దీపాలవేళ మగపూవు రేకులు తీసేసి, లోపలి పుప్పొడిని ఆడపూవు నడుమ మెత్తగా తాకిస్తే చాలు.

నేనీ పని చేస్తుంటే పెద్దమ్మ నవ్వింది. కాని బొటనవేలంత పిందె ఒకటి నాలుగు రోజులుగా పచ్చగా నిలిచి ఉన్నది. ఇప్పుడామె రోజూ వస్తున్నది. పిల్లలు "అదుగో" అనబోతే చెయ్యి పట్టి ఆపుతుంది. పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందట. కళ్ళతోనే చూపిస్తున్నది.