దూరం ఋణమగునా?

తెలుగు పద్యానికే తగును, గణితానికి ఆంగ్లమే శరణ్యమని హోసూరు మొదలు బరంపురం దాకా మన వారిలో ఒక మాట పాతుకొనిపోయినది. తల్లిదండ్రులారా, ఆ మాటను నేను ఒప్పుకొనను. తోటి ఉపాధ్యాయులలోనూ కొందరు దానికి తలయూపుచున్నారు గనుక, ఒక్క లెక్కతో నా వాదన వినిపించెదను.

'ఒకటి + కాస్ తీటా + ఐ సైన్ తీటా' అను సంకీర్ణ సంఖ్యను ధ్రువరూపంలోకి మార్చవలెను. అర్ధకోణ సూత్రాలు వాడిన పిదప, '2 కాస్ తీటా బై 2' బయటకు వచ్చును. కుండలీకరణంలో సగం కోణపు కాస్, సైన్ మిగులును. గైడులు ఇక్కడితో చేతులు దులుపుకొనును. బయట ఉన్నది మాపం, లోపలి కోణం ఆయామం అని బాలుడు వల్లె వేయును.

తీటాకు 240 డిగ్రీలు ఇచ్చి చూడండి. సగం 120, దాని కాస్ విలువ -1/2. అంటే మాపం -1 అట! ఆంగ్లంలో 'మాడ్యులస్' అని కంఠస్థం చేసినవానికి ఇందులో వింత తోచదు. మాపమనగా కొలత, మూలబిందువు నుండి ఆ బిందువునకు గల దూరమని తెలుగులో విన్నవాడు మాత్రం ఆగి, దూరం ఋణమెట్లగునని అడుగును. ఆ ప్రశ్నయే గణితము. సంఖ్యను నేరుగా విప్పినచో 1/2 - ఐ రూట్ 3/2 వచ్చును. మాపం 1, ప్రధాన ఆయామం -60 డిగ్రీలు. ఋణ గుర్తును కోణంలోకి పంపి, 120 నుండి 180 తీసివేసినను అదే వచ్చును.

'ఆయామం' అనగానే పిల్లలకు ప్రాణాయామం జ్ఞప్తికి వచ్చుననుట నిజమే. దిశను తెలుపు కోణమని విప్పి చెప్పిన చాలును.

పరీక్ష ఆంగ్లంలో గదా అందురు. వ్రాయనిండు, ఎవరు వద్దన్నారు? అర్థమగుట వేరు, వ్రాయుట వేరు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే చెప్పినదని పై తరగతులలో మనం నోరు మూసుకొననక్కరలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ గణితాన్ని తెలుగులో అచ్చువేసినది. ఆ పుస్తకమొకటి తెప్పించి, ఇంగ్లీషు పుస్తకం ప్రక్కనే ఉంచండి.

ఈ రాత్రి మీ పిల్లవానిని అడుగండి: తీటా సరిగా 180 డిగ్రీలైనచో ఆయామమెంత? ఏదో ఒక సంఖ్య చెప్పినచో సూత్రమే వచ్చినదన్నమాట. ఆ సంఖ్య అప్పుడు సున్న. సున్నకు దిశ లేదు.