ఆరోగ్యము: మత్తుమందును గుండె తాళమును

విశాఖపట్టణములోని ఆటోనగర్ నుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి అత్తగారికి చెవిలో శస్త్రచికిత్స జరుగవలసియున్నదట. నెత్తురు హెచ్చుగా స్రవింపకుండుటకై, మత్తులో నున్నపుడు రక్తపుపోటును మందులతో కావలెననియే తగ్గింతుమని వైద్యులు చెప్పిరట. “పోటు తగ్గినచో గుండె ఆగిపోదా?” యని ఆమె భయము. ఈ సందేహము పెక్కు గృహములలో కలుగునదే.

చెవి, ముక్కు, వెన్నెముక మున్నగు తావుల కొంచెము నెత్తురు చిమ్మినను వైద్యునికి పని కానరాదు. అందుచే పోటును మితముగా తగ్గించు పద్ధతి యేర్పడినది. అయితే చూడవలసినది పోటు అంకె యొక్కటియే కాదు. గుండె తాళమునుగూడ చూడవలెను.

ఎంజిను ఎంత మంచిదైనను, తీగలలో విద్యుత్తు సకాలమున చేరనిచో లారీ నడువదని ఆటోనగర్ వారికి మేము చెప్పనక్కరలేదు. గుండెయు నట్టిదే. కుడివైపు పైగదిలో పుట్టిన సంకేతము, నడుమనున్న మజిలీలో లిప్తపా టాగి, క్రింది గదులకు చేరును. ఇ.సి.జి. పటములో ఈ ప్రయాణకాలము పెద్దలకు సాధారణముగా 0.12 మొదలు 0.20 సెకండ్లు.

పోటు తగ్గించు మందులన్నియు నొక్క తీరువి కావు. కొన్ని రక్తనాళములను వెడల్పు చేయును. అప్పుడు గుండె తరచుగా వేగము హెచ్చించుకొనును. బీటాబ్లాకర్లను మందులు గుండె వేగమును తగ్గించి, మజిలీలో సంకేతమును మరికొంత నిలుపును. ఇంటివద్ద అవే మాత్రలు మ్రింగుచున్న వృద్ధులకు మరల ఆ జాతి మందే యిచ్చినచో, ఒక్కొక్కప్పుడు సంకేతము క్రింది గదులకు చేరకయే పోవచ్చును.

ఈ చర్చ తెలుగునాట పాతదియే. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున డాక్టరు ఎడ్వర్డు లారీ పూనికతో, నిజాము ప్రభువు ప్రాపున, క్లోరోఫారముపై పరిశోధక సంఘములు రెండు జరిగెను. రెండవదానికి ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. రూపాబాయి ఫర్దూన్జీ యను వైద్యురాలు ఆ కృషిలో పాల్గొనుట మన స్త్రీలకు గర్వకారణము. పోటు తగ్గుట దానంతట అపాయము కాదనియు, శ్వాసను కనిపెట్టుటయే ముఖ్యమనియు సంఘము తేల్చెను. కాని 1911లో లెవీ యను ఆంగ్ల వైద్యుడు, క్లోరోఫారపు తేలికమత్తులోనున్న పిల్లుల గుండె హఠాత్తుగా తాళము తప్పి వడకి ఆగుటను చూపెను. శ్వాసతోపాటు గుండెనుగూడ కనిపెట్టవలెనని వైద్యలోకము నేర్చుకొనెను. నేడు శస్త్రచికిత్సలలో క్లోరోఫారము వాడుట లేదు.

కావున ఆ సోదరి అధైర్యపడవలదు. ఇప్పుడు చికిత్స సాగినంతసేపును పోటును, శ్వాసను, ఇ.సి.జి.ని మత్తువైద్యులు గమనించుచుందురు. గుండె మందగించినచో పోటుమందును తగ్గింతురు. వలసినచో అట్రోపిను ఇత్తురు. గుండెజబ్బు, పక్షవాతము వచ్చినవారికి పోటు తగ్గింపవచ్చునా యని ముందుగనే యోచింతురు.

ఇక గృహిణి చేయవలసిన పని యున్నది. అత్తగారు వాడు మాత్రలన్నిటిని పెట్టెలతో సహా మత్తువైద్యునికి చూపవలెను. పాత ఇ.సి.జి. యున్నచో తీసికొనిపోవలెను. ఎన్నడైన సొమ్మసిల్లి పడియుండిన, ఆ సంగతి చెప్పవలెను. ఆపరేషను వాయిదా పడునేమోయని పెద్దలు మాత్రల సంగతి దాచుట కలదు, అట్లు దాచనీయరాదు. భయముచే మాత్రలను తమంతట తామే మానుటయు తగదు. బీటాబ్లాకర్లను హఠాత్తుగా మానినచో గుండెకు కీడు కలుగవచ్చును. ఏది మానవలెనో, ఏది వేసికొనవలెనో వైద్యుడే చెప్పవలెను.