మిద్దె మీది ట్యాంకు టెక్నాలజీతో తెరచాప పడవ.. అనంత రిజర్వాయర్లకు సరిపోతుందా?

అనంతపురం: గాలి పుష్కలం.. వాన అరకొర. ఉమ్మడి అనంతపురం జిల్లా పరిస్థితి ఇదే. ఇక్కడ ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదే నేల మీద, రామగిరి కొండల్లో 1990ల్లోనే గాలిమరలు తిరిగాయి. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి రిజర్వాయర్‌కు చేరాయి. గాలి ఉంది, నీళ్లూ వచ్చాయి. మరి ఇక్కడ సరదాగా తెరచాప పడవ నడపొచ్చా? నడపొచ్చు. కానీ సామాన్యుడికి అందే ధరలో, కాస్త వేగంగా వెళ్లే పడవ కావాలి. అలాంటి పడవ తయారు చేసే టెక్నాలజీ మనకు కొత్తేమీ కాదు, మన మిద్దెల మీదే ఉంది. అయితే అందులో ఓ మెలిక కూడా ఉంది.

పేరు మన దగ్గరిదే

వేగంగా వెళ్లే చిన్న తెరచాప పడవ అనగానే ముందు వినిపించే పేరు కాటమరాన్. తమిళంలోని 'కట్టుమరం' నుంచే ఆ మాట వచ్చింది. అంటే కట్టిన దుంగలు. మన ఉత్తరాంధ్ర జాలర్లు తెప్ప అనేది దీన్నే. కానీ ఇప్పుడు ప్రపంచమంతా కాటమరాన్ అంటున్న పడవ వేరు. రెండు సన్నటి హల్‌లు, అంటే నీళ్లలో తేలే పడవ బాడీలు, పక్కపక్కన ఉంటాయి. వాటిని అడ్డంగా రెండు దూలాలు కలుపుతాయి. మధ్యలో గట్టి గుడ్డ బిగిస్తారు. దానిమీదే మనుషులు కూర్చుంటారు. ఈ ఆకారం పసిఫిక్ దీవుల వాళ్లది.

దీన్ని బీచ్ ఆటగా మార్చింది అమెరికాకు చెందిన హోబీ ఆల్టర్. ఆయన కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు తయారుచేసేవారు. ఆయన కంపెనీ తెచ్చిన హోబీ 16 ప్రపంచవ్యాప్తంగా లక్షకు పైగా అమ్ముడైంది. పొడవు 5 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు. అయితే అది ఫైబర్‌గ్లాస్ పడవ.

అంత వేగం ఎలా?

లెక్క సింపుల్. హల్ ఎంత సన్నగా ఉంటే నీళ్లను అంత తేలిగ్గా చీల్చుకుంటూ పోతుంది. కానీ సన్నటి పడవ గాలికి పక్కకు ఒరుగుతుంది. అందుకే రెండిటిని దూరదూరంగా పెట్టి కలుపుతారు. అప్పుడు పెద్ద తెరచాప కట్టినా పడవ నిలబడుతుంది. పైగా హోబీ 16కు అడుగున కిందికి దిగే పలక ఉండదు. కాబట్టి లోతు తక్కువ ఉన్నచోట కూడా నడుస్తుంది.

ట్యాంకుకు, పడవకు ఏంటి సంబంధం?

మిద్దె మీది నల్ల నీళ్ల ట్యాంకును రొటేషనల్ మౌల్డింగ్ పద్ధతిలో చేస్తారు. లోహపు అచ్చులో పాలిథిలిన్ పొడి పోసి, ఓవెన్‌లో వేడి చేస్తూ అటూ ఇటూ తిప్పుతారు. కరిగిన ప్లాస్టిక్ అచ్చు లోపలి గోడలకు సమానంగా అంటుకుంటుంది. చల్లారాక తీస్తే అతుకుల్లేని ట్యాంకు రెడీ. ఇదే పద్ధతిలో పడవ హల్‌లు కూడా చేయొచ్చు. హోబీ కంపెనీయే 1990ల్లో తెచ్చిన 13 అడుగుల 'వేవ్' కాటమరాన్ ఇలాంటిదే. ఆ తర్వాత చాలా కంపెనీలు ఈ దారి పట్టాయి.

ప్లాస్టిక్‌తో లాభాలు చాలానే ఉన్నాయి. బండరాయికి తగిలినా ఫైబర్‌లా పగలదు, గీత పడి ఊరుకుంటుంది. పాలిథిలిన్ నీటి కంటే తేలిక కాబట్టి హల్‌లోకి నీళ్లు చేరినా ఆ ప్లాస్టిక్ తనంతట తాను మునగదు. రాళ్ల గుట్టల మధ్య కట్టిన రాయలసీమ రిజర్వాయర్లకు ఇంతకంటే ఏం కావాలి?

మైనస్‌లు లేవా?

ఉన్నాయి. పాలిథిలిన్ మెత్తన. గట్టిదనంలో ఫైబర్‌గ్లాస్ దాదాపు పది రెట్లు ముందుంటుంది. హల్ వంగితే గాలి ఇచ్చిన శక్తిలో కొంత ఆ వంపుకే పోతుంది, వేగం తగ్గుతుంది. వంగకుండా గోడ మందం పెంచితే బరువు పెరుగుతుంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కకుండా రక్షణ రసాయనాలు కూడా కలపాలి.

డిజైనర్ పని మొదలయ్యేది ఇక్కడే. బలం మొత్తాన్ని ప్లాస్టిక్ మీద పెట్టకూడదు. తెరచాప స్తంభం లాగే బరువును అల్యూమినియం దూలాలు మోయాలి. హల్ గోడలకు మడతలు, గాడులు పెడితే మందం పెంచకుండానే గట్టిదనం వస్తుంది. పందెం పడవ వేగం రాకపోవచ్చు. సరదాగా నడిపేవాడికి మాత్రం ఇది చాలు.

అసలు మెలిక అచ్చు దగ్గరే

ఫైబర్ పడవకు అచ్చు చవక, కూలి ఎక్కువ. ఒక్కో పడవను చేత్తో పొరలు పొరలుగా వేయాలి. ప్లాస్టిక్‌కు రివర్స్. అచ్చు ఖరీదు, ఆ తర్వాత ఒక్కో హల్‌కు అయ్యే ఖర్చు తక్కువ. అంటే పది పడవలు చేస్తే ప్లాస్టిక్ పడవే ఖరీదు. వందలు, వేలు చేస్తేనే చవక. ట్యాంకులు చవగ్గా దొరకడానికి కారణం ప్రతి ఇంటికీ ఒకటి కావాల్సి రావడమే. మన దేశంలో తెరచాప పడవలు కొనేవాళ్లు ఎంతమంది? టెక్నాలజీ ఉన్నా పడవ రాకపోవడానికి కారణం ఇదే. ఈ చిక్కుముడి విప్పాలంటే ఒకే డిజైన్‌ను క్లబ్బులు, టూరిజం శాఖ, స్కూళ్లు కలిపి ఆర్డర్ చేయాలి.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

పడవను అందరూ కొనక్కర్లేదని హుస్సేన్ సాగర్ చూపించింది. అక్కడి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు సెయిలింగ్ నేర్పుతోంది. పడవ క్లబ్‌ది, నడిపేది పిల్లలు. ఆ క్లబ్‌లో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున బరిలో దిగింది. ఒక్కో పడవను ఎక్కువమంది వాడితే ఖర్చు పంచుకున్నట్టే కదా.

అనంతలో ఎప్పుడు కుదురుతుంది?

ఇక్కడ గాలి బలంగా వీచేది జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. కృష్ణాకు వరద వచ్చి, శ్రీశైలం నిండి, ఎత్తిపోతలతో కాలువకు నీళ్లు వచ్చేది సాధారణంగా జులై, ఆగస్టు తర్వాతే. అంటే రెండూ కలిసే టైమ్ ఆగస్టు, సెప్టెంబర్. వేసవి నాటికి మట్టం పడిపోతుంది. ఏడాదంతా నడిచే వ్యాపారం కాదన్నమాట. పైగా ఈ నీళ్లు తాగడానికి, సాగుకు ఉద్దేశించినవి. ఆ లెక్కన ఇంజిన్, డీజిల్ లేని తెరచాప పడవే ఇక్కడ మేలు.

2017ను మర్చిపోవద్దు

నీళ్లు కొత్తగా వచ్చిన చోట భయం తెలియదు. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో సరదాగా పడవ ఎక్కిన బంధువుల్లో పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. చిన్న పడవలో పరిమితికి మించి ఎక్కడం ప్రాణాలు తీసింది.

కాటమరాన్ కూడా బోల్తా పడుతుంది. పూర్తిగా తలకిందులైతే ఒక్కడే తిప్పడం కష్టం. అందుకే చాలా పడవల్లో స్తంభం కొసన తేలే బుడ్డ పెడతారు, పడవ పక్కకు ఒరిగి అక్కడితో ఆగుతుంది. కానీ ఆ బుడ్డ లైఫ్ జాకెట్‌కు, ఈతకు, గట్టున కాపలా బోటుకు బదులు కాదు. ధర తగ్గించాలని వీటిలో ఏది కోసినా ఆ పడవ చవక కాదు.

ఇదీ సంగతి

గాలి ఉంది. కొన్ని నెలలు నీళ్లూ ఉంటున్నాయి. ప్లాస్టిక్ పోత పోసే పనితనం దేశంలో ఎప్పటి నుంచో ఉంది. లేనిది ఆర్డర్ ఇచ్చేవాళ్లు, నేర్పేవాళ్లు. ముందు ఓ రిజర్వాయర్ దగ్గర నాలుగు పడవలు, ఇద్దరు కోచ్‌లు, సరిపడా లైఫ్ జాకెట్లతో మొదలుపెడితే ఊరి పిల్లలకు ఆటతో పాటు నీళ్ల దగ్గర ఎలా మెలగాలో కూడా తెలుస్తుంది. అచ్చు ఖర్చు గిట్టుబాటయ్యే రోజు ఆ తర్వాతే వస్తుంది.